లైఫ్ జాకెట్ వేసుకున్నారు సరే.. బిగించుకున్నారా? ఎవరి సాయం లేకుండా ఒక్క నిమిషంలో ఇలా!

పడవ ఎక్కారు. సరంగు ఆరెంజ్ రంగు జాకెట్ ఒకటి చేతిలో పెట్టాడు. చేతులు దూర్చి భుజాల మీద వేసుకున్నారు. ముందు జిప్పు తెరిచే ఉంది, నడుం దగ్గర బెల్టులు వేలాడుతున్నాయి. సెల్ఫీ దిగారు. నదిలో తిరిగే బోట్లలో తరచూ కనిపించే సీనే ఇది. అడిగితే వచ్చే సమాధానం కూడా ఒకటే.. 'వేసుకున్నాంగా!'

వేసుకోవడం వేరు, బిగించుకోవడం వేరు. బిగించని జాకెట్ నీళ్లలో పడగానే తన దారిన తాను పైకి పోతుంది, మనిషి కిందకి పోతాడు. ఇంకో సంగతి.. బోటు ఒరిగిపోతున్న ఆ కొద్ది సెకన్లలో మీ జిప్పు పెట్టడానికి పక్కవాళ్ల చేతులు ఖాళీగా ఉండవు. వాళ్లు బోటు అంచు పట్టుకునో, పిల్లల్ని పట్టుకునో ఉంటారు. అందుకే ఈ పని ఎవరికి వాళ్లే చేసుకోవడం రావాలి. వీలైతే చీకట్లో కూడా.

మనకెందుకు ఇదంతా అంటారా?

మచిలీపట్నం గిలకలదిండి హార్బర్ నుంచి వేటకు వెళ్లే బోట్లు, నాగాయలంక వైపు నుంచి ఎదురుమొండి దీవులకు జనాన్ని దాటించే పంట్లు, పడవలు, హంసలదీవి సంగమం దగ్గరకు వచ్చే భక్తులు.. దివిసీమలో నీళ్ల మీద ప్రయాణం అంటే సరదా కాదు, రోజువారీ బతుకు. బడికి, ఆస్పత్రికి, సంతకు కూడా ఏరు దాటాల్సిన ఊళ్లు ఉన్నాయి. అటు గుడివాడ పక్కన కొల్లేరు ఊళ్లలో తాటి దోనెలు ఇప్పటికీ కనిపిస్తాయి.

1977 నవంబర్ 19 ఉప్పెన సంగతి దివిసీమలో ఎవరికీ చెప్పక్కర్లేదు. అంత దూరం వెళ్లకపోయినా 2024 సెప్టెంబర్ గుర్తుంటుంది. ఆ నెల మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణమ్మ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. లంక ఊళ్లు మునిగాయి. బుడమేరు పొంగి నందివాడ మండలం ఊళ్లు కూడా నీళ్లలో చిక్కుకున్నాయి. అప్పటిదాకా బోటు ముఖం చూడనివాళ్లు కూడా బోటు ఎక్కాల్సి వచ్చింది. జాకెట్ ఎలా బిగించుకోవాలో వాళ్లకు ముందే ఎవరు నేర్పారు?

ప్రమాదాలు కూడా మరీ పాతవేం కాదు. 2017 నవంబర్ 12, కార్తీక మాసం ఆదివారం. ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం వైపు వెళ్తున్న బోటు తిరగబడి 20 మందికి పైగా చనిపోయారు. ఎక్కువ మంది ఒంగోలు నుంచి సరదాగా వచ్చినవాళ్లు. ఆ బోటులో లైఫ్ జాకెట్లే లేవు. రెండేళ్ల తర్వాత, 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర 'రాయల్ వశిష్ట' మునిగింది. ప్రాణాలతో బయటపడింది 26 మంది. ధర్మాడి సత్యం బృందం ఆ బోటును బయటకు తీసేసరికి అక్టోబర్ 22 వచ్చింది.

వీటి తర్వాత బోటు ఎక్కేటప్పుడు జాకెట్ ఇవ్వాలన్న పట్టింపు పెరిగింది. మంచిదే. కానీ జాకెట్ ఇచ్చారా లేదా అన్న దగ్గరే లెక్క ఆగిపోతోంది. క్లిప్పు పడిందా లేదా అని చూసేవాళ్లు తక్కువ.

అసలు జాకెట్ ఎలా పనిచేస్తుంది?

మనిషి నీళ్లలో రాయిలా మునగడు. ఒంట్లో గాలి ఉంటుంది, కొవ్వు ఉంటుంది. పెద్దవాళ్లలో చాలామందికి తల నీళ్లపైన ఉండాలంటే అదనంగా 3 నుంచి 5 కిలోల ఆసరా దొరికితే చాలు. జాకెట్ లేబుల్ మీద 50, 100, 150 అని అంకెలు ఉంటాయి చూడండి. అవి న్యూటన్లు. 10 న్యూటన్లు అంటే దాదాపు కిలో బరువును ఎత్తే బలం. అంటే 100 రాసి ఉన్న జాకెట్ మిమ్మల్ని సుమారు 10 కిలోల బలంతో పైకి నెడుతుంది. 50 రాసి ఉన్నది ఈత వచ్చినవాళ్లకు, ఒడ్డు దగ్గర తిరిగేవాళ్లకు మాత్రమే. సముద్రంలో దూరం పోయేవాళ్లకు 150 మంచిది.

చిక్కు ఎక్కడొస్తుందంటే, ఆ 10 కిలోల బలం పనిచేసేది జాకెట్ మీద. మీకు అందాలంటే జాకెట్ మీ ఒంటికి అతుక్కుని ఉండాలి. బెల్టు లూజుగా ఉంటే జాకెట్ చెవుల దాకా లేచిపోతుంది. ముఖానికి అడ్డం వస్తుంది, పక్కకు చూడనివ్వదు. ఆ కంగారులో సాయం కోసం రెండు చేతులూ పైకెత్తి ఊపారనుకోండి.. చొక్కా విప్పినట్టు జాకెట్ తలమీద నుంచి జారిపోతుంది. ఎవరో బోటులోంచి వంగి జాకెట్ భుజం పట్టుకుని పైకి లాగారనుకోండి. జాకెట్ వాళ్ల చేతికి వస్తుంది, మనిషి రాడు.

'మాకు ఈత వచ్చు కదా' అనే మాట కృష్ణ ఒడ్డున పుట్టినవాళ్లు ఎక్కువగా అంటారు. నిజమే, వచ్చు. కానీ బోటు తిరగబడినప్పుడు తలకి చెక్క తగిలి స్పృహ పోతే ఈత ఎవరు కొడతారు? కాళ్లకు వల చుట్టుకుంటే? సరైన జాకెట్, సరిగ్గా బిగించి ఉంటే, స్పృహ లేని మనిషిని కూడా వెల్లకిలా తిప్పి నోరు నీళ్లపైన ఉంచుతుంది. జిప్పు తెరిచి ఉన్న జాకెట్ ఆ పని చేయలేదు.

ఒక్క నిమిషం రూలు

టైటానిక్ మునిగాక ఓడల భద్రతకు ఒక అంతర్జాతీయ ఒప్పందం పుట్టింది. దాని పేరు సోలాస్. మొదటిది 1914లో వచ్చింది, తర్వాత చాలాసార్లు మార్చారు. ఈ ఒప్పందం కింద ఓడల్లో వాడే లైఫ్ జాకెట్‌కు ఓ పరీక్ష ఉంది. ఆ జాకెట్‌ను ఎప్పుడూ చూడనివాళ్లకు ఇవ్వాలి. ఎవరూ చూపించకూడదు, సాయం చేయకూడదు. వాళ్లలో కనీసం 75 శాతం మంది ఒక్క నిమిషంలోపు సరిగ్గా వేసుకుని బిగించుకోగలగాలి. ఒకసారి చూపించాక అయితే అందరూ నిమిషంలో వేసుకోవాలి, అప్పుడు కూడా సాయం లేకుండానే. అలా కుదరకపోతే తప్పు మనిషిది కాదు, జాకెట్‌దే అన్నమాట.

మన పడవల్లో కనిపించే జాకెట్లన్నీ ఆ పరీక్ష పాసైనవి అనుకోలేం. కానీ ఆ ఒక్క నిమిషం మాత్రం మనం పెట్టుకోవచ్చు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఎలాగూ ఉంది.

ఎవరి సాయం లేకుండా ఎలా?

ముందు కూర్చోండి. ఊగే పడవలో నిలబడి రెండు చేతులూ జిప్పు మీద పెడితే, నీళ్లలో పడకుండా కాపాడాల్సిన జాకెట్టే నీళ్లలో పడేస్తుంది. వీలైతే ఒడ్డు మీదే వేసుకుని ఎక్కండి.

చేతులు దూర్చే ముందు బెల్టులన్నీ పూర్తిగా లూజు చేయండి. మీకంటే ముందు వేసుకున్న మనిషి సన్నగా ఉంటే బెల్టు ఆ కొలతకే బిగిసి ఉంటుంది. అప్పుడు క్లిప్పు అందదు, 'ఇది నాకు పట్టదులే' అని వదిలేస్తారు. చాలామంది జాకెట్ తెరిచి ఉంచుకోవడానికి ఇదో కారణం.

ఇక జిప్పు. టైలర్‌ని అడిగితే రెండు నిమిషాల్లో చెప్పేస్తాడు. జిప్పు కింది చివర ఒక పక్క చిన్న పుల్ల ఉంటుంది, రెండో పక్క డబ్బీ లాంటిది, దాని మీద రన్నర్ ఉంటాయి. రన్నర్‌ని అడుగు దాకా దించాలి. పుల్ల డబ్బీలోకి పూర్తిగా దిగాలి. సగం దిగిన పుల్లతో కూడా జిప్పు పైకి వస్తుంది, మోసం అక్కడే ఉంది. పైన మూసుకున్నట్టు కనిపిస్తూ కింద నుంచి విచ్చుకుపోతుంది. కాబట్టి ఎడమ చేత్తో కింది చివరను గట్టిగా కిందికి పట్టి ఉంచి, కుడి చేత్తో రన్నర్‌ని నిటారుగా పైకి లాగాలి. పక్కకి లాగితే పళ్లు తప్పుతాయి. చీర కొంగు, కండువా, లుంగీ అంచు ఏదైనా మధ్యలో పడిందేమో ఓసారి వేలితో తడిమి చూడాలి.

జిప్పు పడింది కదా అని ఆగకండి. అది రెండు పక్కల్నీ కలిపి ఉంచుతుందంతే. బరువు మోసేది బెల్టులే. నడుం బెల్టు ముందు. అది డొక్కల కింద, సన్నటి చోట పడాలి. పొట్ట మీద వదులుగా పడితే లాభం లేదు. క్లిప్పు 'టక్' మనాలి. తర్వాత మిగిలిన కొసను పట్టుకుని లాగి బిగించాలి. ఊపిరి మామూలుగా ఆడాలి, కానీ బెల్టు కింద పిడికిలి దూరకూడదు. ఆ తర్వాత ఛాతీ బెల్టు. వేలాడే కొసల్ని లోపలికి దోపేయండి, వలకో కొక్కేనికో తగులుకోకుండా.

కొన్ని జాకెట్లకు కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ కూడా ఉంటుంది. సిగ్గుపడి చాలామంది అది పెట్టుకోరు. కానీ జాకెట్ పైకి లేవకుండా ఆపేది అదే. చుడీదార్, ప్యాంటు అయితే ఇబ్బంది లేదు. చీర కట్టుకున్నవాళ్లకు కష్టమే, ఒప్పుకోవాలి. నాట్లప్పుడు పొలంలో దోపుకున్నట్టు కుచ్చిళ్లను గోచీలా దోపుకుంటే పట్టీ పడుతుంది. అది కుదరనప్పుడు నడుం బెల్టు మామూలు కంటే ఇంకాస్త గట్టిగా బిగించుకోవాలి. కొంగును జాకెట్ పైన వదలకుండా లోపలే నడుముకు చుట్టి దోపుకోవాలి.

క్లిప్పులు లేకుండా తాళ్లు మాత్రమే ఉన్న పాత జాకెట్ ఇస్తే? తాడును వీపు చుట్టూ తిప్పి ముందుకే తెచ్చి ముడి వేయండి. వెనక ముడి వేస్తే బిగిసిందో లేదో కనపడదు, తర్వాత విప్పుకోవడం కూడా మీ వల్ల కాదు.

ఆఖరి పరీక్ష ఇది. రెండు బొటనవేళ్లు భుజాల దగ్గర జాకెట్ కిందకు దూర్చి గట్టిగా పైకి లాగండి. జాకెట్ గడ్డానికో చెవులకో తగిలితే లూజు. ఇంకా బిగించండి. రెండు మూడుసార్లు చేశాక కళ్లు మూసుకుని ఒకసారి వేసుకోండి. బోట్లు పగలే మునగాలని రూలేం లేదు కదా.

నీళ్లలో పడ్డాక వేసుకోవాల్సి వస్తే

ఇది కష్టం. కానీ అసాధ్యం కాదు. జాకెట్‌ను నీళ్ల మీద మీ ముందు తెరిచి పరవండి. లోపలి వైపు పైకి, మెడ భాగం మీ వైపు ఉండాలి. రెండు చేతులూ చేతి కన్నాల్లోంచి దూర్చి, జాకెట్‌ను ఎత్తి తల మీదుగా వెనక్కి వేసుకోండి. ఇక్కడ జిప్పు జోలికి పోవద్దు. నీళ్లలో, వణికే వేళ్లతో ఆ చిన్న పుల్లని డబ్బీలో పెట్టడం అయ్యే పని కాదు. ముందు నడుం క్లిప్పు. అది పడ్డాక వెల్లకిలా తేలుతూ మిగతావి చూసుకోవచ్చు. తల మీదుగా వేసుకోవడం రాకపోతే జాకెట్‌ను రెండు చేతులతో ఛాతీకి హత్తుకుని, మోకాళ్లు ముడుచుకుని తేలండి. దాన్ని వదిలి ఒడ్డుకు ఈదాలనే ఆలోచన మాత్రం వద్దు.

జాకెట్‌తో బోటులోంచి దూకాల్సి వస్తే రెండు చేతులూ గుండెల మీద అడ్డంగా పెట్టి జాకెట్‌ను కిందికి అదిమి పట్టుకుని, కాళ్లు ముందుగా దూకాలి. లేదంటే నీళ్లు తగలగానే అది గడ్డానికి కొడుతుంది.

జాకెట్ ఉన్నా ప్రమాదమే అయ్యే చోటు ఒకటుంది. అది మూసి ఉన్న క్యాబిన్. నీళ్లు లోపలికి వస్తే జాకెట్ మిమ్మల్ని కప్పుకు అతికించేస్తుంది, కిందకి వంగి తలుపులోంచి బయటపడనివ్వదు. అందుకే బోటు తేడాగా ఊగుతోంది అనిపించగానే జాకెట్ బిగించుకుని డెక్ మీదకు వచ్చేయాలి, లోపల కూర్చోకూడదు.

డైవర్లకూ ఇదే తంటా

ఈ 'ఒక్కడే జిప్పు పెట్టుకోవడం' అనే గొడవ చలి దేశాల డైవర్లకు ఇంకా ఎక్కువ. ఐస్‌లాండ్‌లో సిల్ఫ్రా అనే చీలిక ఉంది. అక్కడ నీళ్లు ఏడాదంతా 2 నుంచి 4 డిగ్రీలే. ఒంటికి నీటి చుక్క తగలకుండా డ్రైసూట్ వేసుకుని దిగుతారు. పాత తరహా సూట్లకు జిప్పు వెనక, భుజాల మీదుగా అడ్డంగా ఉంటుంది. చెయ్యి అందదు, పక్కన మనిషి ఉండాల్సిందే. తర్వాత జిప్పును ఛాతీ మీద ఏటవాలుగా పెట్టిన సూట్లు వచ్చాయి, ఎవరికి వాళ్లే పెట్టుకోవచ్చు. అక్కడా కిటుకు ఒకటే.. ఒక చేత్తో జిప్పు మొదలును గట్టిగా పట్టి గీత నిటారుగా ఉంచడం, రెండో చేత్తో ఆ గీత వెంటే లాగడం. ఆఖరి అంగుళం కూడా మూసుకుందా లేదా అని వేలితో తడిమి చూస్తారు. కాస్త తెరుచుకుని ఉన్నా సూట్‌లోకి మంచు నీళ్లు వచ్చేస్తాయి. సొంతంగా పెట్టుకున్నా దిగే ముందు తోటి డైవర్‌కు ఓసారి చూపించడం వాళ్ల అలవాటు. బందరు సముద్రంలో డ్రైసూట్ అవసరం రాదు. ఆ చూపించుకునే అలవాటు మాత్రం అరువు తెచ్చుకోవచ్చు. బిగించుకోవడం మీ పని, చూసి చెప్పడం పక్కవాళ్ల పని.

పిల్లల సంగతి వేరే. పెద్దల జాకెట్ పిల్లలకు వేయడం అంటే వేయకపోవడమే, కిందనుంచి జారిపోతారు. లేబుల్ మీద ఎన్ని కిలోల బరువువాళ్లకు అని రాసి ఉంటుంది, అది చూడాలి. పిల్లల జాకెట్‌కు కాళ్ల మధ్య పట్టీ తప్పనిసరిగా ఉండాలి. మెడ వెనక పట్టుకుని లాగేందుకు పిడి ఉంటే మరీ మంచిది. బోటు కదలక ముందే పెట్టేయాలి.

దిండు చేసుకుంటే అంతే!

ఒకప్పుడు లైఫ్ జాకెట్లలో ఏం ఉండేదో తెలుసా? బెండు. 1854లో బ్రిటన్‌లో లైఫ్‌బోటు సిబ్బంది కోసం బెండు ముక్కలు కుట్టిన జాకెట్ తయారైంది. ఆ తర్వాత బూరుగు దూది వచ్చింది. అవును, మన ఇళ్లలో దిండ్లు, పరుపుల్లో కూరే బూరుగు జాతి దూదే. నీళ్లు తొందరగా పీల్చదు కాబట్టి తేలేది. కానీ దాని మీద కూర్చుని కూర్చుని నలిపేస్తే, నూనె అంటితే పనికి రాకుండా పోయేది. ఇప్పుడు లోపల ఫోమ్ ఉంటుంది, అంత సుకుమారం కాదు. అయినా పడవలో ఆసనంగా, దిండుగా వాడితే ఏళ్ల తరబడి నలిగి పలచబడుతుంది. పలచబడ్డ ఫోమ్ అంతగా తేల్చదు.

ఉప్పు, ఇసుక, ఎండ.. ఈ మూడే జాకెట్‌కు శత్రువులు. సముద్రం నుంచి రాగానే మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టాలి. జిప్పు బిగుసుకుపోతే నూనె పోయకండి, ఇసుక ఇంకా అతుక్కుంటుంది. కడిగి, ఆరాక పళ్ల మీద కొవ్వొత్తి రుద్దితే సరిపోతుంది. క్లిప్పు తెల్లగా పొడిబారి కనిపించినా, పట్టీ దగ్గర కుట్టు లాగితే ఊడి వస్తున్నా ఆ జాకెట్ మార్చాల్సిందే. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉంటుంది కదా. వలలు, ఇంజిన్లు బాగు చేసుకునే ఆ రోజుల్లోనే జాకెట్లనూ ఒకసారి ముందేసుకుని చూడొచ్చు. మెడలోతు దాటని నీళ్లలో, పక్కన ఇద్దరు మనుషులు ఉండగా వేసుకుని తేలి చూస్తే దాని సత్తా తెలిసిపోతుంది.

వేటకు వెళ్లేవాళ్ల మాట కూడా వినాలి. ఉక్కపోత, వల లాగేటప్పుడు అడ్డం, క్లిప్పుకు వల తగులుకోవడం.. ఇవి సాకులు కావు, నిజమైన ఇబ్బందులే. ఎండలో రోజంతా ఫోమ్ జాకెట్ వేసుకుని వల లాగమంటే ఎవరైనా విప్పేస్తారు. సన్నగా బెల్టులా ఉండి నీళ్లలో గాలి నింపుకునే రకాలు ఉన్నాయి కానీ ధర ఎక్కువ, గ్యాస్ సిలిండర్ ఎప్పటికప్పుడు చూసుకోవాలి. అవి అందేదాకా కనీసం మొగ దాటేటప్పుడు, అలలు లేచినప్పుడు, రాత్రి బోటు అంచున పని ఉన్నప్పుడు అయినా ఫోమ్ జాకెట్ ఒంటి మీద ఉండాలి. మిగతా సమయంలో అడుగున వలల కింద కాకుండా, బెల్టులు లూజు చేసి చేతికందే చోట పెట్టుకోవాలి.

జాకెట్ భుజం దగ్గర విజిల్ ఉందేమో చూసుకోండి. అరిస్తే గొంతు కాసేపట్లోనే పోతుంది, విజిల్ శబ్దం ఇంకా దూరం వినిపిస్తుంది. ఫోన్‌ను నీళ్లు చొరబడని కవర్‌లో పెట్టి మెడలో వేసుకోండి. సముద్రంలో ఆపద వస్తే కోస్ట్ గార్డ్ నంబర్ 1554. నదిలో, కాలవలో అయితే 112.